2014 కామ్రీ హైబ్రిడ్, జయపురంలో ఉండేవాడు కొనొచ్చా?

జయపురం మందులషాపు

అందరికీ నమస్కారం. మాది కొరాపుట్ జిల్లా జయపురం. మందుల హోల్‌సేల్ షాపు. నెలకి రెండుసార్లు విశాఖ వెళ్లాలి. ఒకసారి సరుకు లెక్కలకి, ఒకసారి అమ్మని మోకాళ్ల డాక్టరుకి చూపించడానికి. ఇప్పుడున్నది 2012 డీజిల్ చిన్నకారు. తిరుగు దారిలో సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు రెండో గేరులో అది మూలుగుతుంటే వెనక సీట్లో అమ్మ మూలుగుతుంది. ఏది ఎవరి మూలుగో తెలీదు.

పోయిన నెల పెళ్లికని హైదరాబాదు వెళ్లాం. అక్కడ మా బావమరిది తనకి తెలిసినవాళ్ల కారు ఒకటి చూపించాడు. 2014 మార్చి టయోటా కామ్రీ హైబ్రిడ్, రెండో ఓనరు, 1,18,000 కిలోమీటర్లు. ఆరున్నర లక్షలు చెప్తున్నాడు, ఆరుకి దిగేలా ఉన్నాడు. అమ్మని వెనక కూర్చోబెట్టి రెండు వీధులు తిప్పాం. కాళ్లు బారచాపి కూర్చుంది. బండి చప్పుడు చేయకుండా కదిలేసరికి "ఇదేట్రా, స్టార్టు చేయకుండానే ఎలిపోతంది, దెయ్యం బండిలాగ" అంది. ఐదు నిమిషాలయ్యాక "ఇదే కొనీరా" అంది. దెయ్యం సంగతి మర్చిపోయింది.

రాత్రుళ్లు కూర్చుని చదివి తెలుసుకున్నది ఇది. హైబ్రిడ్ అంటే పెట్రోలుతోనూ కరెంటుతోనూ నడిచే బండి. 2.5 లీటర్ల పెట్రోలు ఇంజను, వెనక సీటు వెనకాల 244.8 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ. మామూలు కార్లలా స్టార్టర్ మోటారు లేదు, ఆల్టర్నేటరూ లేదు, ఆ పనులన్నీ లోపలున్న రెండు మోటార్లవే. కంపెనీ చెప్పిన మైలేజీ 19.16. నేను 15కే లెక్క వేసుకున్నాను.

నా లెక్క కూడా చెప్తాను, తప్పయితే దిద్దండి. నెలకి దాదాపు 1,500 కిలోమీటర్లు తిరుగుతాను. ఇప్పటి డీజిల్ 17 ఇస్తుంది, అంటే 88 లీటర్లు. కామ్రీకి 100 లీటర్ల పెట్రోలు, అదీ లీటరు వంద దాటిన పెట్రోలు. అంటే దీనివల్ల నాకు నెలకి పైసా మిగలదు, పైగా రెండు వేలు ఎక్కువవుతుంది. కాబట్టి ఆదా కోసం కొంటున్నానని నాకు నేను అబద్ధం చెప్పుకోవడం లేదు. అమ్మ మోకాళ్ల కోసం, నా నడుం కోసం.

భయాలు మాత్రం ఉన్నాయి. మొదటిది బ్యాటరీ. పన్నెండేళ్లకి దగ్గరపడ్డ బ్యాటరీ. పోతే ఎంతవుతుందని ఇద్దరిని అడిగాను. ఒకాయన లక్షా పది వేలు అన్నాడు, ఇంకొకాయన మూడు లక్షల పైమాట అన్నాడు. ఇద్దరూ ఒకే బ్యాటరీ గురించి మాట్లాడుతున్నారా అని అనుమానం వచ్చింది. రెండోది మా ఊరి మెకానిక్. మంచివాడే, ఒరియాలో ఏది అడిగినా "హెబొ హెబొ" అంటాడు, అంటే అయిపోతుంది అని. హైబ్రిడ్ చేస్తావా అంటే దానికీ "హెబొ" అన్నాడు. అక్కడే నాకు టెన్షన్ మొదలైంది. మూడోది ఇప్పుడు బంకుల్లో దొరికేదంతా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2014 బండి దాన్ని తట్టుకుంటుందా? ఇక కాగితాలు. నంబరు ఏపీ 09, బండి హైదరాబాదులో, నేను ఒడిశాలో.

ఎవరైనా ఇలాంటి బండిని మన కొండల్లో నడిపినవాళ్లుంటే చెప్పండి. "కొత్తది కొనుక్కో" అనే సలహా మా ఆవిడ రోజూ ఇస్తోంది, అదొక్కటీ వద్దు.

పర్లాకిమిడి ట్రావెల్స్

తమ్ముడూ, సూటిగా చెప్తాను. వద్దు. డీజిల్ ఇన్నోవా పాతది చూసుకో. అది ఏ సందులో ఆగినా బాగుచేసేవాడు దొరుకుతాడు. అమ్మగారు ఎక్కడానికి కొంచెం ఎత్తు, అంతే. చిన్న పీట వేయించు.

హైబ్రిడ్ అన్న మాట చూసి నేనూ ఒకసారి మోజుపడ్డాను. 2016లో ఎర్టిగా ఎస్‌హెచ్‌వీఎస్ కొన్నాను, వెనకాల ఆ అక్షరాలు చూసి కరెంటు మీద నడుస్తుందనుకున్నాను. తీరా చూస్తే అది సిగ్నల్ దగ్గర ఇంజను ఆపి మళ్లీ స్టార్టు చేయడం, కొంచెం తోపు ఇవ్వడం, అంతవరకే. కరెంటుతో ఒక్క అడుగు కూడా కదలదు. బండిలో తప్పేం లేదు, తెలుసుకోకుండా మురిసిపోయింది నేను. నీ కామ్రీ ఆ రకం కాదు, అది నిజం హైబ్రిడ్, ఒప్పుకుంటాను. నిజం హైబ్రిడ్ కాబట్టే భయం.

కాగితాల సంగతి మాత్రం నాకు బాగా తెలుసు, ఆంధ్రా బళ్లు చాలా ఇటు మార్చాను. ఏపీ 09 చూసి ఆంధ్రా బండి అనుకోకు. 2014 జూన్ 2కి ముందు హైదరాబాదులో రిజిస్టరైన బళ్లన్నిటికీ ఏపీ నంబరే. ఎన్‌ఓసీ, అంటే బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదనే కాగితం, హైదరాబాదు ఆర్టీఓ నుంచే రావాలి. దానికి ఫారం 28 అక్కడ, ఓనరు పేరు మార్పుకి 29, 30 మీద ఇద్దరి సంతకాలు. పెండింగు చలాన్లు అన్నీ కట్టించు. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచితే నంబరు మార్చాల్సిందే, ఇక్కడ మళ్లీ రోడ్ టాక్స్ కట్టాల్సిందే. ఎంతో కొరాపుట్ ఆఫీసులో ముందే లెక్క కట్టించుకుని, ఆ మొత్తం బండి ధరలో కలుపుకుని బేరం ఆడు. ఎన్‌ఓసీ చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వకు. ఇంకొకటి, 2029 మార్చికి పదిహేనేళ్లు నిండుతాయి. అప్పుడు ఫిట్‌నెస్ చేయించి ఆర్‌సీ రెన్యువల్ చేయించాలి. 600 ఉండే ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది.

ఇన్సూరెన్సులో 1,500 సీసీ దాటింది కాబట్టి థర్డ్ పార్టీ 7,897. హైబ్రిడ్‌కి అందులో ఏడున్నర శాతం తగ్గింపు ఇస్తారు. నీ హైబ్రిడ్ నీకు గ్యారంటీగా మిగిల్చేది ఆ ఆరొందలే.

రాయగడ రిటైర్డ్

బాబూ, నా దగ్గర అదే బండి ఉంది. 2013 డిసెంబరుది. 2019లో విశాఖలో కొన్నాను, అప్పటికి 96,000 తిరిగింది. ఇప్పుడు 1,71,000. బ్యాటరీ మార్చలేదు. ఇది విని వెంటనే బయానా ఇచ్చేయకు, పూర్తిగా చదువు.

మూడేళ్ల కిందట మైలేజీ 16 నుంచి 13కి పడిపోయింది. ఎండాకాలం అరగంట నడిపాక వెనకనుంచి ఒక చప్పుడు వచ్చేది, పెళ్లికూతురికి జుట్టు ఆరబెట్టే మెషీను లాగ. నేను ఏసీ అనుకున్నాను. మా ఆవిడ మాత్రం "నా వీపు వెనకాల కూస్తోంది, ఏసీ ముందుంటుంది కదా" అంది. నిజమే. ఆ బ్యాటరీకి నీళ్ల కూలింగు ఉండదు. మనం కూర్చున్న గదిలోని గాలినే ఒక ఫ్యాను లాగి దాని మీదుగా పంపిస్తుంది. వెనక సీటు ఊడదీయించి ఫ్యాను చూస్తే రెక్కలు కనపడలేదు. ఎర్రమట్టి దుమ్ము, దుప్పట్ల నూలు కలిసి కంబళి ముక్కలా అతుక్కుపోయి ఉంది. పిచ్చుక గూడు అనుకో. పాత టూత్‌బ్రష్ పట్టుకుని గంటసేపు కూర్చున్నాను. తర్వాత చప్పుడు పోయింది, మైలేజీ 15కి వచ్చింది. ఊపిరాడక ఆ బ్యాటరీ అన్నాళ్లు ఎంత ఉడికిపోయిందో అనుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఈ రకం బ్యాటరీకి వయసు కంటే వేడి పెద్ద శత్రువు. అందుకే ఎండలో నిలిపిన బండి ఎక్కగానే అద్దాలు దించి, తర్వాత ఏసీ వేసి, లోపల చల్లబడ్డాకే ఘాట్ ఎక్కుతాను. మనకి చల్లగా ఉంటే దానికీ చల్లగా ఉన్నట్టే.

ఘాట్ గురించి అడిగావు. ఎక్కేటప్పుడు ఏ బెంగా లేదు. దిగేటప్పుడు ఒక సంగతి తెలియాలి. పల్లంలో బండి తనంతట తాను ఛార్జి చేసుకుంటుంది, చూడముచ్చటగా ఉంటుంది. కానీ అది చిన్న బ్యాటరీ, ఒకటిన్నర యూనిట్ పైచిలుకు, అంతే. సాలూరు వైపు దిగుతుంటే ఘాట్ సగం అవకముందే నిండిపోతుంది. నిండాక ఇక తీసుకోదు, భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. గేరు దగ్గర 'బి' అని ఉంటుంది, అందులో వేస్తే ఇంజను గుంజి పట్టుకుంటుంది. మొదటిసారి వేసినప్పుడు ఇంజను గీపెట్టింది, ఏదో విరిగిందనుకుని పక్కకి ఆపేశాను. విరగలేదు, దాని పని అది చేస్తోంది.

నన్ను రోడ్డు మీద నిలబెట్టింది ఒక్కసారే. పార్వతీపురం దాటాక టీ కొట్టు దగ్గర ఆగి మళ్లీ ఎక్కితే, బండి కదలడానికి సిద్ధమని చెప్పే 'రెడీ' లైటు రాలేదు. డ్యాష్‌బోర్డు మీద దీపావళి. మూడు లక్షల బ్యాటరీ పోయిందని చెమటలు పట్టాయి. తీరా పోయింది డిక్కీలో ఉన్న పన్నెండు వోల్టుల చిన్న బ్యాటరీ. అది లేకపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కంప్యూటర్లు మేలుకోవు. దాన్ని మాత్రం నాలుగేళ్లకోసారి మార్చెయ్, బలవంతంగా నడపకు.

ఇథనాల్ సంగతి. మన బళ్లు దానికి తయారుచేసినవి కావు. మైలేజీ కొంత తగ్గింది. పైపులకి ఏమైనా అవుతుందేమోనని సర్వీసు చేయించినప్పుడల్లా చూపిస్తాను, ఇప్పటికి ఏమీ లేదు. ట్యాంకులో నెలల తరబడి నిల్వ ఉంచను, ఇథనాల్ తేమ లాగుతుంది. అసలు ఈ బండిని నెలల తరబడి కదపకుండా ఉంచడమే తప్పు, నికెల్ బ్యాటరీ కూర్చుంటే తనంతట తానే దిగిపోతుంది. నువ్వు చూసిన బండి ఎన్నాళ్లు షెడ్డులో నిలబడి ఉందో అడిగావా?

గుణుపురం అబ్బాయి, విశాఖ షెడ్డు

అన్నా, నేను విశాఖలో హైబ్రిడ్ బళ్లే ఎక్కువ చేస్తాను. రాయగడ సార్ చెప్పినవన్నీ నిజం. నీకు లక్షా పది వేలు చెప్పినవాడు, మూడు లక్షలు చెప్పినవాడు ఒకే సరుకు గురించి మాట్లాడి ఉండరు. ఆ డబ్బాలో 34 మాడ్యూళ్లు, అంటే చిన్న బ్యాటరీ ముక్కలు, ఉంటాయి. తక్కువ చెప్పేవాడు చాలాసార్లు పాత డబ్బాల్లోంచి ఏరిన మాడ్యూళ్లు పెట్టి ఇస్తాడు. చెడిపోయిన ఒకటి రెండు మార్చి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. వారానికి బాగుంటుంది, ఆరు నెలలకి పక్కది పోతుంది. ముసలి ఎడ్ల మధ్య ఒక కోడెను కట్టినట్టు, లాగుడు కుదరదు. చేయిస్తే మొత్తం చేయించాలి, లేదా ముట్టుకోకూడదు.

చూసేటప్పుడు మైలేజీ అడగొద్దు. బండి కంప్యూటరుని చదివే స్కానరు పెట్టించు. బ్యాటరీని 17 జోడీలుగా చూపిస్తుంది, ఒక్కో జోడీ వోల్టేజీ విడిగా. నిలబెట్టి చూస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి, అదే మోసం. ఫ్లైఓవర్ ఎక్కిస్తూ గట్టిగా తొక్కి చూడాలి. లోడు పడ్డప్పుడు అన్నీ కలిసి దిగి కలిసి లేవాలి. ఒకటి మాత్రం మిగతావాటికంటే వోల్టు దాకా జారిపోతుంటే ఆ బండి అమ్మేవాడికి ఆ సంగతి తెలిసే ఉంటుంది. కంప్యూటర్లో పడ్డ తప్పుల కోడ్లు చెరిపేసి తెస్తారు కూడా. స్కానర్లో మానిటర్లు, అంటే బండి తనని తాను చేసుకునే పరీక్షలు, 'పూర్తికాలేదు' అని ఉంటే నిన్నో మొన్నో చెరిపారన్నమాట.

బ్యాటరీ గురించి అందరూ అడుగుతారు, బ్రేకు పంపు గురించి ఎవరూ అడగరు. బండి ఆపి, 'రెడీ'లో ఉంచి, అద్దాలు ఎక్కించి, పాటలు ఆపేసి కూర్చో. బ్రేకు తొక్కకుండానే కొద్ది సెకన్లకోసారి ముందునుంచి 'జుయ్' మని పంపు తిరుగుతుంటే లోపల ప్రెషరు నిలవడం లేదు. అది ఖరీదైన జబ్బు. ఏసీ గ్యాసు ఎక్కడ పట్టించారో కూడా అడుగు. ఈ కంప్రెసరు కరెంటుది. మామూలు బండికి పోసే నూనె పోస్తే లోపలి ఇన్సులేషన్ దెబ్బతింటుంది. దీనికి వేరే నూనె ఉంటుంది, ఎన్‌డీ 11. మీ ఊరి 'హెబొ' గారిని నారింజ రంగు వైర్ల జోలికి మాత్రం పోనివ్వకు, పెద్ద బ్యాటరీ కరెంటు వాటిలోనే పోతుంది. టైర్లు, ఆయిలు, బ్రేకు ప్యాడ్లు, ఫిల్టర్లు ఆయన దగ్గరే చేయించుకోవచ్చు.

ఇంకోటి, ఆగిపోతే తాడు కట్టి లాగించుకోకు. ముందు చక్రాలు నేల మీద తిరిగితే లోపలి మోటారు కూడా తిరుగుతుంది. ముందు భాగం ఎత్తి లాగాలి, ఫ్లాట్‌బెడ్ అయితే ఇంకా నయం. జయపురం నుంచి నా షెడ్డు దాకా ఫ్లాట్‌బెడ్ ఎంత అడుగుతాడో ఈ రోజే ఫోన్ చేసి కనుక్కో. నీ విషయంలో అసలు ఖర్చు బ్యాటరీ కంటే ఆ దూరమే. ఆ దూరానికి ఏడాదికోసారి డబ్బు పెట్టగలిగితే కొను.

చివరగా హైదరాబాదు బండి కాబట్టి 2020 అక్టోబరు వరదలు గుర్తుపెట్టుకో. రెండో ఓనరు ఎప్పుడు కొన్నాడో చూడు. వెనక సీటు బెల్టులు చివరిదాకా లాగి చూడు, బండి నీళ్లలో మునిగి ఉంటే మరక అక్కడ దొరుకుతుంది.

జయపురం మందులషాపు

అందరికీ పేరుపేరునా థాంక్స్. ఫ్లాట్‌బెడ్‌వాళ్లకి ఫోన్ చేశాను. చెప్పిన రేటు విని ఘాట్ ఒకటి కాదు రెండు ఎక్కినట్టయింది. అయినా ఏడాదికోసారి అంటే భరిస్తాననుకున్నాను. రెండో ఓనరు 2021 జనవరిలో కొన్నాడు. బావమరిదికి ఈ జవాబులన్నీ పంపించి, ఆదివారం స్కానరు ఉన్నవాణ్ని తీసుకుని వెళ్లమన్నాను. వీడియో కాల్‌లో నేనూ ఉన్నాను.

బ్రేకు పంపు మౌనంగానే ఉంది. ఫ్లైఓవర్ మీద తొక్కితే పదహారు జోడీలు కలిసి దిగాయి. పదకొండోది మిగతావాటికంటే ముప్పావు వోల్టు కిందికి పోయి నెమ్మదిగా లేచింది. బావమరిది "కొంచెమేగా" అన్నాడు. నాకూ కొంచెమేగా అనిపించింది, నిజం చెప్తున్నాను. పాతిక వేలు తగ్గించమందాం అనుకున్నాం.

అప్పుడు బెల్టులు గుర్తొచ్చాయి. పక్క సీట్లవి శుభ్రంగా ఉన్నాయి, అంటే కొత్తవి. మధ్య సీటు బెల్టు ఎవరూ వాడరు కాబట్టి ఎవరూ మార్చలేదు. అది చివరిదాకా లాగితే జానెడు పైన అడ్డంగా ఒక గీత, టీ గ్లాసు అడుగున మిగిలే మరక రంగులో. డిక్కీలో చిన్న బ్యాటరీ తీయిస్తే దాని తట్ట కింద మెత్తటి ఒండ్రు, వేలితో తీస్తే పౌడరులా వచ్చింది. నారింజ వైరు కనెక్టరు దగ్గర బోల్టుకి చిలుము పట్టి ఉంది. అమ్మేవాణ్ని అడిగితే "నేను కొన్నప్పటినుంచీ ఇంతే, ఏ రోజూ ఇబ్బంది పెట్టలేదు" అన్నాడు. అది అబద్ధం కాకపోవచ్చు కూడా. దణ్ణం పెట్టి వచ్చేయమన్నాను.

పర్లాకిమిడి అన్నా, ఇన్నోవా మాట తీసిపారేయలేదు. అమ్మకి పీట సంగతి చెప్తే "నేను పీటెక్కి బండెక్కాలా, నన్నేమన్నా ఊరేగిస్తావా" అంది. అది అలా ఉంది.

మనసు మాత్రం ఇంకా ఆ బండి మీదే ఉంది. కాకపోతే ఇకనుంచి విశాఖ, విజయనగరం వైపు నడిచినవే చూస్తాను. ఎవరు రిపేరు చేశారో ఆ మనిషితో మాట్లాడగలిగినవి. గుణుపురం తమ్ముడూ, నీ షెడ్డుకి వచ్చే బళ్లలో ఎవరైనా అమ్ముతామంటే ఒక మాట చెప్పు. రాయగడ సార్, మీ బండి ఎప్పుడైనా అమ్మాలనుకుంటే మొదట నాకే చెప్పాలి.

గుణుపురం అబ్బాయి, విశాఖ షెడ్డు

ఆ పదకొండో జోడీని చూసి వదిలేయలేదు, బెల్టు చూసి వదిలేశావు. పర్వాలేదు, మొత్తానికి వదిలేశావు. ఒకటి ఉంది అన్నా, 2015ది, డాక్టరు గారిది, కొన్నప్పటినుంచీ ఒకే ఓనరు. ఆయన అమ్ముతానని ఏడాదిగా అంటున్నారు, అమ్మడం లేదు. అడుగుతాను.

రాయగడ రిటైర్డ్

నాది అమ్మను బాబూ. నా తర్వాత మా అబ్బాయి అమ్ముకుంటాడేమో, వాడికి ఈ రంగు నచ్చదు. కానీ రెండు వీధులు తిరిగి కొనేయడం తప్పు. అమ్మగారిని తీసుకుని ఒక ఆదివారం రాయగడ రా. నా బండిలో వెనక కూర్చోబెట్టి రెండు గంటలు ఘాట్ రోడ్డు మీద తిప్పుదాం. మోకాళ్లు ఏమంటాయో అప్పుడు తెలుస్తుంది. టూత్‌బ్రష్ నా దగ్గర ఉంది, ఫ్యాను ఎక్కడుంటుందో సీటు తీసి చూపిస్తాను.

జయపురం మందులషాపు

వచ్చే ఆదివారం కాదు, ఆ పైవారం వస్తాం సార్. మీ ఊరి అమ్మవారు మజ్జిగౌరమ్మకి అమ్మ మొక్కు ఒకటి ఎప్పటినుంచో బాకీ ఉంది. మీ ఊరి పేరు ఎత్తగానే చీర తీసి పెట్టుకుంది.